క్లోరిన్ ఎంత పోసినా పూల్‌లో పాచి వదలడం లేదు

సరుగుడుతోట_బరంపురం
మే 2, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మా ఇల్లు బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే దారిలో, ఊరికి కాస్త బయట. ఇంటి వెనక చిన్న ఈతకొలను కట్టించుకుని మూడేళ్లయింది. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు ఒక చివర మీటరు, రెండో చివర 1.8. అంటే దాదాపు 45 వేల లీటర్లు. నీలం టైల్స్, ఇసుక ఫిల్టర్, ఒకటిన్నర హెచ్‌పీ మోటారు.

ఉగాది దాటిన దగ్గర్నుంచి నీళ్లు పచ్చబడటం మొదలైంది. గోడల మీద పాచి, మెట్ల మీద పాచి. బ్రష్‌తో రుద్దితే పోతుంది, రెండు రోజులకు మళ్లీ అదే చోట పుడుతుంది. నీడ పడే ఉత్తరం గోడ మీద టైల్స్ సందుల్లో నల్లటి చుక్కలు కూడా ఉన్నాయి. అవి గోరుతో గీకినా రావు.

నేను చేసినవి ఇవీ. వారానికి మూడు 200 గ్రాముల క్లోరిన్ బిళ్లలు తేలే డబ్బాలో వేస్తాను, పూల్ కట్టినాయన చెప్పిన లెక్క అది. పచ్చబడ్డాక బ్లీచింగ్ పౌడర్ మూడు విడతలుగా ఆరు కిలోలు పోశాను. నీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి, నాలుగో రోజుకి మళ్లీ పచ్చగా తయారయ్యాయి. పోయినవారం ఆ డబ్బాలోనే బిళ్లలతో పాటు రెండు గుప్పిళ్లు బ్లీచింగ్ కూడా వేసి చూశాను. టెస్ట్ చుక్కలు వేస్తే ముదురు పసుపు వస్తోంది, అంటే క్లోరిన్ దండిగానే ఉన్నట్టు. మరి పాచి ఎందుకు చావడం లేదు?

మా పనబ్బాయి ఒడియా కుర్రాడు. రోజూ పొద్దున్నే వచ్చి "శిఉళి పుణి ఆసిలా" అంటాడు, పాచి మళ్లీ వచ్చిందని. వింటుంటే టెన్షన్ వస్తోంది. మే 20న మనవలు విశాఖ నుంచి వస్తున్నారు. ఈలోగా ఏదైనా దారి చెప్పండి.


రాయగడ_మాస్టారు
మే 2, ఉదయం 8:25

అమ్మా, మిగతాదంతా తర్వాత. ముందు ఆ తేలే డబ్బాని నీళ్లలోంచి తీయకుండానే కర్రతో గట్టుకు దూరంగా నెట్టి ఉంచండి. ముఖం దాని మీదికి పెట్టవద్దు. బిళ్లలూ బ్లీచింగ్ పౌడరూ రెండూ క్లోరినే ఇస్తాయి గానీ రెండూ ఒకటి కాదు. బిళ్ల టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ యాసిడ్), పుల్లటి స్వభావం. బ్లీచింగ్ కాల్షియం హైపోక్లోరైట్‌తో, సున్నంతో కూడినది. ఈ రెండూ తడి మీద కలిస్తే వేడెక్కి విషవాయువు వస్తుంది, మూత బిగించిన డబ్బాలో అయితే పేలుతుంది. మీరు వేసి వారమైంది కాబట్టి పొడి కరిగిపోయి ఉంటుంది, ఆ దేవుడి దయ. ఇంకెప్పుడూ అలా చేయకండి. రెండింటికీ ఒకే చెంచా, ఒకే బకెట్ కూడా వాడకూడదు.


వంశధార_గుణుపురం
మే 2, ఉదయం 9:02

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా బంధువుల లాడ్జిలో పనిచేసే అతను బిళ్లల పొడి అడుగున మిగిలిన బకెట్‌లో బ్లీచింగ్ పోసి, పైనుంచి చెంబుడు నీళ్లు పోశాడు. ఢామ్మని పేలింది. ఎడమ చెంప, మెడ కాలిపోయాయి. దగ్గు పదిహేను రోజులు తగ్గలేదు. కన్ను దక్కింది, అదే పదివేలు. అక్కా, దయచేసి జాగ్రత్త.


సరుగుడుతోట_బరంపురం
మే 2, ఉదయం 9:40

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. డబ్బా దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వలేదు. బ్లీచింగ్ సంచిని బిళ్లలున్న గదిలోంచి తీయించి వేరే చోట పెట్టించాను. ఆ సంచి జనవరిలో విప్పింది. సముద్రపు గాలికి గడ్డలు కట్టింది.


జయపురం_పంపులు
మే 2, మధ్యాహ్నం 1:15

నేను పదకొండేళ్లుగా పంపులు, ఫిల్టర్ల పని చేస్తున్నాను. కొన్ని వివరాలు కావాలమ్మా. మోటారు రోజుకి ఎన్ని గంటలు తిరుగుతోంది? ఫిల్టర్ మీద ప్రెజర్ ముల్లు ఎక్కడుంది? బ్యాక్‌వాష్, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ ఇసుక కడగడం, చేసి ఎన్నాళ్లయింది? ఆ బిళ్లలు ఎప్పట్నుంచి వాడుతున్నారు?

ఇంకోటి. విప్పి నాలుగు నెలలైన, గడ్డకట్టిన బ్లీచింగ్‌లో మీరనుకున్న క్లోరిన్ ఉండదు. కొత్తగా ఉన్నప్పుడు 30 శాతం పైన ఉంటుంది, తడి తగిలితే దిగిపోతూ వస్తుంది. మీ పూల్‌కి వెళ్లింది ఎక్కువగా సున్నమే. పాలలాగా తెల్లబడింది అందుకే.


సరుగుడుతోట_బరంపురం
మే 2, మధ్యాహ్నం 2:30

మోటారు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ముల్లు 1.4 దగ్గరుంది. ఫిల్టర్ కడిగిన కొత్తలో 0.8 ఉండేదని గుర్తు. బ్యాక్‌వాష్ చేసి నెల దాటింది. బిళ్లలు మొదటి రోజు నుంచీ అవే. వానాకాలంలో తక్కువ, ఫిబ్రవరి నుంచి మాత్రం వారానికి మూడు తప్పకుండా. స్టెబిలైజర్ అని వేరే ఏమీ వేయలేదు.


రాయగడ_మాస్టారు
మే 2, సాయంత్రం 6:50

దొరికిందమ్మా. స్టెబిలైజర్ వేయలేదని మీరనుకుంటున్నారు, కానీ మూడేళ్లుగా వేస్తూనే ఉన్నారు. అది బిళ్లలోనే ఉంది.

టీసీసీఏ బిళ్లలో క్లోరిన్ ఒంటరిగా ఉండదు, సయన్యూరిక్ యాసిడ్‌కి అతుక్కుని ఉంటుంది. నీళ్లలో పడ్డాక క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆ యాసిడ్ మాత్రం ఎటూ పోదు. ఎండకు ఆవిరైపోదు, ఫిల్టర్‌లో ఆగదు. నీళ్లు పారబోస్తేనో పొంగిపొర్లితేనో తగ్గుతుంది, అంతే. దీన్నే స్టెబిలైజర్ అంటారు. ఉండవలసినంత ఉంటే మేలు చేస్తుంది, ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడుతుంది. ఎక్కువైతే క్లోరిన్‌ని తన దగ్గరే పట్టి ఉంచుకుని పాచిని చంపేంత స్వేచ్ఛ ఇవ్వదు.

మీ పూల్‌కి లెక్క వేస్తాను. 200 గ్రాముల బిళ్లలో దాదాపు 110 గ్రాములు ఈ యాసిడ్ కింద మిగులుతుంది. 45 వేల లీటర్లలో అది రెండున్నర పీపీఎం, అంటే లీటరుకి రెండున్నర మిల్లీగ్రాములు. వారానికి మూడంటే ఏడున్నర. ఫిబ్రవరి మొదలు పన్నెండు వారాలకు 90. నిరుడు మిగిలినది దీనికి అదనం. పూల్‌కి 30 నుంచి 50 చాలు.

మీ పసుపు చుక్కల సంగతి కూడా. అవి మొత్తం క్లోరిన్‌ని చూపిస్తాయి. చెమట, మూత్రం, ఆకుల కుళ్లుతో కలిసి నీరసించిన క్లోరిన్ కూడా అందులో పసుపుగానే కనపడుతుంది. పాచిని చంపేది ఫ్రీ క్లోరిన్. దానికి డీపీడీ (క్లోరిన్ తగిలితే గులాబీ రంగు వచ్చే మందు) కిట్ కావాలి. అందులోనూ రంగు పోల్చే రకం వద్దు, గులాబీ రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టే రకం తెప్పించండి. క్లోరిన్ బాగా ఎక్కువైతే రంగు పోల్చే రకంలో గులాబీ రంగు తనంతట తాను తెల్లబోతుంది. క్లోరిన్ లేదనుకుని మనం ఇంకా పోస్తాం.


పర్లాకిమిడి_పాతకాపు
మే 3, ఉదయం 6:15

అమ్మాయీ, ఇన్ని చుక్కల లెక్కలు మా కాలంలో లేవు. మైలుతుత్తం కాస్త గుడ్డలో మూటగట్టి నీళ్లలో తిప్పితే పాచి మూడు రోజుల్లో విరిగిపోతుంది. చెరువుల్లో చూశాను. తర్వాత పటిక వేస్తే నీళ్లు తేరుకుంటాయి. చిల్లగింజ అరగదీసి కుండలో వేస్తే బురదనీళ్లు తేరుకోవడం మా అమ్మ దగ్గర చూసినవాణ్ని.


జయపురం_పంపులు
మే 3, ఉదయం 8:00

పెద్దాయనా, మీ మాట కాదనను, మైలుతుత్తంలోని రాగి పాచిని చంపుతుంది. కాకపోతే నీళ్లలోంచి అదీ పోదు. పీహెచ్ కొంచెం పెరిగితే టైల్స్ సందుల్లో నీలంగా, నల్లగా మరకలు దిగుతాయి. తెల్ల సిమెంట్‌లోకి దిగిన రాగి మరక పోగొట్టడానికి నేను మూడు రోజులు పనిచేశాను ఒక చోట. తెల్లజుట్టు వాళ్లకి జుట్టు పచ్చబడేది కూడా ఈ రాగి వల్లే, క్లోరిన్ వల్ల కాదు. చెరువు వేరు, పిల్లలు నీళ్లు మింగే పూల్ వేరు. పటిక మాట మాత్రం నేను ఒప్పుకుంటాను, దాని అవసరం రావచ్చు.


చంద్రపూర్_ఎండ
మే 3, రాత్రి 10:20

అన్నా, మాది దీనికి పూర్తిగా రివర్స్ కథ. చంద్రపూర్‌లో మా కొలను చిన్నది, ఇరవై వేల లీటర్ల పైచిలుకు. బిళ్లలు ఎన్నడూ వాడలేదు, హైపో ద్రావణం (సోడియం హైపోక్లోరైట్, ద్రవ క్లోరిన్) మాత్రమే పోస్తాం. పొద్దుగాల 4 పీపీఎం ఉంటే మధ్యాహ్నానికి సున్నా. ఇక్కడ మే నెలలో 46, 47 డిగ్రీలు. ఇంటోళ్లు శేవాళ్ శేవాళ్ (మరాఠీలో పాచి) అని గోల. స్టెబిలైజర్ లేకపోవడమేనా కారణం?


రాయగడ_మాస్టారు
మే 4, ఉదయం 7:30

అదే నాయనా. స్టెబిలైజర్ లేని నీళ్లలో నిండు ఎండకు గంటలోపే సగం క్లోరిన్ పోతుంది. మీ నీళ్లు 21,600 లీటర్లు అనుకుంటే, 30 పీపీఎం రావాలంటే 650 గ్రాముల సయన్యూరిక్ యాసిడ్. పొడిని పాత సాక్సులో కట్టి నీళ్లు చిమ్మే గొట్టం ముందు వేలాడదీసి, మధ్యమధ్య పిసుకుతూ ఉండండి. ఒక్కసారే వేయండి, మళ్లీ మళ్లీ వద్దు. బరంపురం అమ్మగారి పూల్‌కి ఎక్కువై వచ్చిన కష్టం, మీకు లేక వచ్చింది.


సరుగుడుతోట_బరంపురం
మే 6, సాయంత్రం 5:45

కిట్ వచ్చింది. మాస్టారు చెప్పినట్టే ఉంది. ఫ్రీ క్లోరిన్ 3, కలిసిపోయిన (నీరసించిన) క్లోరిన్ 2.5. స్టెబిలైజర్ చూసే గొట్టంలో నీళ్లు పోస్తుంటే అడుగున నల్లచుక్క 100 గీత దాకా రాకముందే మాయమైంది. మాస్టారు ఫోన్‌లో చెప్పిన ప్రకారం పూల్ నీళ్లు సగం, మంచినీళ్లు సగం కలిపి మళ్లీ చూశాను. 70 వచ్చింది. రెట్టింపు చేస్తే 140.

ఫిల్టర్ బ్యాక్‌వాష్ చేశాను. గాజు గొట్టంలో ముందు ముదురాకుపచ్చగా, తర్వాత చాయ్ రంగులో, ఆరు నిమిషాలకు తేటగా వచ్చాయి నీళ్లు. ముల్లు 0.8కి దిగింది.


రాయగడ_మాస్టారు
మే 6, రాత్రి 8:10

140కి పాచిని చంపే మోతాదు అందులో 40 శాతం, అంటే 56 పీపీఎం ఫ్రీ క్లోరిన్. అంత పోసి రోజుల తరబడి నిలబెట్టడం అయ్యే పని కాదు. మీరు మూడు పోసి కూర్చున్నారు. అందుకే పాచికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మూడింట రెండొంతుల నీళ్లు మార్చండి. 140 కాస్తా 47 అవుతుంది, 50 అనుకుందాం. అప్పుడు మోతాదు 20 పీపీఎం. అది చేయగలం.


జయపురం_పంపులు
మే 6, రాత్రి 9:00

నీళ్లు మొత్తం తీసేయకండమ్మా. మీది సముద్రానికి దగ్గర, భూమిలో నీళ్లు పైనే ఉంటాయి. ఖాళీ పూల్ అడుగున నీటి ఒత్తిడి ఉంటే పడవలా పైకి లేస్తుంది. టైల్స్ పగిలిపోతాయి, కొన్నిసార్లు గోడే చీలుతుంది. మీ బావిలో నీటిమట్టం చూసుకుని, పూల్ అడుగు కంటే కిందున్నప్పుడే తీయండి. మే నెల కాబట్టి పర్వాలేదు, శ్రావణంలో అయితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. అడుగున మూడో వంతు ఎలాగూ ఉండనివ్వండి.


సరుగుడుతోట_బరంపురం
మే 9, ఉదయం 6:30

రెండు రోజులు పట్టింది. బావిలో నీళ్లు నాలుగు మీటర్ల కిందున్నాయి, తాడుకి రాయి కట్టి కొలిచాను. తీసిన నీళ్లు మొగలి పొదలకీ సరుగుడు తోటకీ వదిలాం. బోరు నీళ్లతో నింపాం, మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది. స్టెబిలైజర్ ఇప్పుడు 45 వచ్చింది. పీహెచ్ 7.8.

లిక్విడ్ హైపో 35 లీటర్ల క్యాన్ తెప్పించాను, మీద 10 శాతం అని రాసుంది. ఎంత పోయాలి?


రాయగడ_మాస్టారు
మే 9, ఉదయం 7:15

ముందు పీహెచ్‌ని 7.2కి దించండి. ఆమ్లం పూల్‌లో పోసిన తర్వాత మోటారు తిరుగుతూ గంట గడవాలి, అప్పుడు హైపో. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకూడదు. పీహెచ్ ఇప్పుడే చూసుకోండి. క్లోరిన్ పది దాటాక ఆ ఎర్రచుక్కల పరీక్ష అబద్ధం చెబుతుంది.

ఇక హైపో. క్యాన్ మీద రాసింది నమ్మకండి, ఎండకు ఎంత దూరం లారీలో వచ్చిందో తెలియదు కదా. ఒక బకెట్‌లో ఫిల్టర్ చేసిన తాగే నీళ్లు సరిగ్గా 10 లీటర్లు పోయండి. సిరంజితో 1 మిల్లీలీటరు హైపో వేసి కలపండి. కిట్‌తో ఫ్రీ క్లోరిన్ చూడండి. 10 వస్తే అది 10 శాతం, 7 వస్తే 7 శాతం.


సరుగుడుతోట_బరంపురం
మే 9, రాత్రి 8:50

ఆరున్నర వచ్చింది! క్యాన్ మీది 10 శాతం లెక్కన తొమ్మిది లీటర్లు అనుకున్నాను, లెక్క తప్పేది. 20 పీపీఎంకి 900 గ్రాములు కావాలి, లీటరుకి 65 గ్రాములు, అంటే దాదాపు 14 లీటర్లు. సూర్యాస్తమయం అయ్యాక నీళ్లు చిమ్మే గొట్టం ముందు సన్నటి ధారగా పోశాను. చేతులకు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకున్నాను. మోటారు ఇక రాత్రింబగళ్లు.

కానీ ఒక కొత్త భయం. అరగంటలో నీళ్లన్నీ టీ డికాషన్ రంగుకి మారాయి! ఇదేమిటి?


వంశధార_గుణుపురం
మే 9, రాత్రి 9:20

అక్కా, భయపడకండి. మీ బోరులో ఇనుము ఉంది. మా ఇంట్లో కూడా బోరు నీళ్లు బిందెలో తేటగా ఉంటాయి, తెల్లారేసరికి తుప్పు రంగు తేలుతుంది. క్లోరిన్ తగలగానే మీ నీళ్లలో అదే ఒక్కసారిగా బయటపడింది.


పర్లాకిమిడి_పాతకాపు
మే 10, ఉదయం 5:50

అమ్మాయీ, ఇప్పుడు నా పటిక అక్కరకు వస్తుంది. తిత్లీ తుపాను వచ్చిన 2018లో మా కుంటలో నీళ్లు ఆకులూ బురదా కలిసి నల్లగా అయిపోతే ఇలాగే తేర్చాం. ముందు ఆకులన్నీ తీశాకే. వెయ్యి లీటర్లకి 30 గ్రాముల లెక్కన పటిక నూరి బకెట్‌లో కరిగించి అంతటా చల్లు. గంట తిప్పి మోటారు ఆపెయ్యి. రాత్రంతా నీళ్లని ముట్టుకోవద్దు. మసి అంతా అడుగుకి దిగుతుంది.


జయపురం_పంపులు
మే 10, ఉదయం 7:40

పెద్దాయన చెప్పినట్టు చేయండి. ఆ గంట తిప్పేటప్పుడు వాల్వ్‌ని రీసర్క్యులేట్‌లో పెట్టండి, పటిక నీళ్లు ఇసుక గుండా పోతే ఫిల్టర్ జిగురుపట్టి మూసుకుపోతుంది. తెల్లారి అడుగున దిగినదాన్ని వాక్యూమ్‌తో లాగేటప్పుడు వాల్వ్ వేస్ట్‌లో (నీళ్లు నేరుగా బయటికి పోయేలా) ఉండాలి. చీపురుతో ఇల్లు ఊడ్చినంత నెమ్మదిగా లాగండి. గబగబా లాగితే మళ్లీ లేస్తుంది.


సరుగుడుతోట_బరంపురం
మే 11, ఉదయం 10:05

నిన్న పొద్దున చూస్తే 20 ఉన్నది 11కి పడిపోయింది. మళ్లీ 20కి తెచ్చి, సాయంత్రం పటిక వేశాను, 1,350 గ్రాములు. ఈ పొద్దున అడుగున ముద్దబెల్లం రంగులో దుప్పటి పరిచినట్టు ఉంది. నేనూ పనబ్బాయీ రెండు గంటలు పట్టి లాగేశాం. టీ రంగు పోయింది. ఇప్పుడు నీళ్లు బూడిద కలిసిన నీలంగా ఉన్నాయి, ఆకుపచ్చ అన్నది లేదు.

పాతకాపు గారికి దండాలు.


జయపురం_పంపులు
మే 11, ఉదయం 11:30

బూడిద రంగంటే పాచి చచ్చిందని అర్థం. ఇప్పుడే చాలామంది ఆపేస్తారు, అదే తప్పు. రోజుకి రెండు మూడుసార్లు కొలిచి 20కి తేవాలి. రోజుకోసారి గోడలు, మెట్లు, మూలలు బ్రష్ చేయాలి. పాచి మీద జిగురు పొర ఉంటుంది, దాన్ని చీలిస్తేనే క్లోరిన్ లోపలికి దిగుతుంది. ముల్లు 1.3 దాటితే బ్యాక్‌వాష్.

ఎప్పుడు ఆపాలో గుర్తు పెట్టుకోండి. నీళ్లు తేటగా ఉండాలి. కలిసిపోయిన క్లోరిన్ 0.5 మించకూడదు. రాత్రి చీకటి పడ్డాక కొలిచి, తెల్లారి ఎండ తగలకముందు కొలిస్తే 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గకూడదు. రాత్రిపూట ఎండ లేదు, మరి తగ్గిందంటే తింటున్నది పాచే.


ధర్మాబాద్_మిర్చి
మే 12, రాత్రి 9:45

నాందేడ్ జిల్లా నుంచి ఒక్క మాట. మా కొలను పక్కనే మిర్చి చేను. డీఏపీ వేసిన వారం తర్వాత గాలివాన వస్తే గట్టు మీదుగా ఆ మట్టి నీళ్లలో పడుతుంది, పాచి విరుచుకుపడుతుంది. ఎరువు పాచికీ ఎరువే. చేను వైపు జానెడు ఎత్తు గట్టు కట్టాక తగ్గింది. మీ తోటలో ఎరువు వేస్తారేమో చూసుకోండి.


సరుగుడుతోట_బరంపురం
మే 14, ఉదయం 6:20

అయిదు రూపాయల బిళ్ల లోతు చివర వేశాను. బొమ్మా బొరుసా గట్టు మీద నుంచే కనపడుతోంది. మెట్ల మీద కాలు గరగరమంటోంది. కలిసిపోయిన క్లోరిన్ 0.5.

అయితే రాత్రి పరీక్ష గట్టెక్కలేదు. రాత్రి 20, తెల్లారి 16. మొన్నా అంతే. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఎక్కడ తింటోంది?


జయపురం_పంపులు
మే 14, ఉదయం 7:05

దాక్కుని ఉందమ్మా. నిచ్చెన గొట్టాలు దిగే గుంతలు, స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే గూడు) మూత అడుగు, పిల్లల రబ్బరు బొమ్మలు చూడండి. వీటన్నిటికంటే ముందు నీళ్లలో ఉన్న లైటు. మెయిన్ దగ్గర స్విచ్ ఆపి, ఫ్యూజు తీసేశాక పైన ఒక్క స్క్రూ ఉంటుంది, అది విప్పితే లైటు గూట్లోంచి వస్తుంది. వైరు పొడవుగా చుట్టి ఉంటుంది కాబట్టి నీళ్లు తీయక్కర్లేదు, గట్టు మీదికి తెచ్చుకోవచ్చు.


సరుగుడుతోట_బరంపురం
మే 15, మధ్యాహ్నం 12:10

లైటు విప్పాం. వెనక గూట్లో వైరు చుట్ట మీద వేలు మందాన పాచి. ముట్టుకుంటే మీగడలా చేతికి వచ్చింది, కుళ్లిన వాసన. మూడేళ్లుగా అక్కడ వెలుతురూ ఉంది, నీళ్ల కదలికా లేదు, బ్రష్ వెళ్లే దారీ లేదు. పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు రుద్ది, వైరు అంతా తుడిచి, గూట్లోకి గొట్టంతో నీళ్లు చిమ్మాం. నిచ్చెన గుంతల్లో కూడా కొంత ఉంది. నేను నెలన్నరగా గోడలు తోముతూనే ఉన్నాను, వేరు ఇక్కడుంది.


సరుగుడుతోట_బరంపురం
మే 17, ఉదయం 6:00

నిన్న 1.5 తగ్గింది. ఈ రోజు 0.5 మాత్రమే. రాత్రి 20, తెల్లారి 19.5. రెండుసార్లు కొలిచాను, చుక్కలు లెక్కపెడుతుంటే మా ఆయన పక్కన నిలబడి తానూ లెక్కపెట్టారు.

పిల్లలు ఎప్పుడు దిగొచ్చు?


రాయగడ_మాస్టారు
మే 17, ఉదయం 7:20

శభాష్ అమ్మా. ఇక పోయకండి, ఎండే దించుతుంది. 50 స్టెబిలైజర్‌కి రోజువారీ 4 నుంచి 6 పీపీఎం ఉంచుకోండి. అక్కడికి దిగాక, పీహెచ్ మళ్లీ కొలిచి 7.2కీ 7.8కీ మధ్య ఉంటే పిల్లల్ని దింపండి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు గట్టు మీదే ఉండాలి. పచ్చటి నీళ్లలో పిల్లల్ని దింపకూడదనడానికి క్రిములు ఒక కారణం, అడుగుకి జారిన పిల్లవాడు కనపడకపోవడం ఇంకా పెద్ద కారణం. 2024లో కేరళలో ముక్కు గుండా మెదడుకి పాకే అమీబా జబ్బుతో పిల్లలు పోయారు. గోరువెచ్చటి మంచినీళ్లలో క్లోరిన్ లేకపోతే అది బతుకుతుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక నుంచి రోజువారీకి హైపోనే వాడండి. ఊరెళ్లినప్పుడు మాత్రం బిళ్లలు వేసుకోండి. మోటారు కనీసం ఎనిమిది గంటలు తిప్పండి.


చంద్రపూర్_ఎండ
మే 19, రాత్రి 11:00

మాస్టారూ, సాక్సు పద్ధతి పనిచేసింది. వారంలో కరిగింది. ఇప్పుడు పొద్దున 5 ఉంటే సాయంత్రానికి 3 ఉంటోంది. గ్రీన్ షేడ్ నెట్ కూడా పడమర వైపు కట్టాం. మస్తు థాంక్స్.


సరుగుడుతోట_బరంపురం
మే 22, ఉదయం 8:15

నిన్న సాయంత్రం క్లోరిన్ 6, పీహెచ్ 7.5. మనవలు ఇద్దరూ దిగారు. చిన్నది లోతు లేని వైపు అడుగున టైల్స్ లెక్కపెడుతూ కూర్చుంది. కళ్లు మండలేదు, ఆ ఘాటు వాసన కూడా లేదు. ఆ వాసన క్లోరిన్ ఎక్కువై వస్తుందనుకునేదాన్ని, నీరసించిన క్లోరిన్ వాసనట అది.

ఉత్తరం గోడ మీద నల్ల చుక్కలు మాత్రం ఎనిమిది మిగిలాయి.


జయపురం_పంపులు
మే 22, మధ్యాహ్నం 1:40

ఆ నల్లవి మొండివి. మీద గట్టి పొర, కింద సిమెంట్ సందులోకి దిగిన వేళ్లు. ఇనప బ్రష్ వాడకండి, తుప్పు మరక పడుతుంది, టైల్ గీసుకుపోతుంది. గట్టి నైలాన్ బ్రష్‌తో పొర చిట్లేదాకా రుద్ది, గ్లౌజు వేసుకుని ఒక క్లోరిన్ బిళ్లని ఆ చుక్క మీద నేరుగా అద్ది రుద్దండి. అప్పుడు పూల్‌లో ఎవరూ ఉండకూడదు. రోజు విడిచి రోజు చేయండి. రాకపోతే ఆ సందు సిమెంట్ గీకి కొత్తది నింపడమే, ఆ పనికి నేను వస్తాను.


సరుగుడుతోట_బరంపురం
జూన్ 9, ఉదయం 6:40

ఎనిమిదిలో ఆరు పోయాయి. రెండు చోట్ల సందు గీకించాలి, వానలు పడకముందే. జయపురం తమ్ముడూ, ఈ ఆదివారం వీలవుతుందా? తెల్ల సిమెంట్ తెప్పించి ఉంచుతాను, ఎంత కావాలో చెప్పు.


జయపురం_పంపులు
జూన్ 9, ఉదయం 7:30

వస్తానమ్మా. రెండు కిలోలు చాలు. నీళ్లు ఆ వరస కిందికి జానెడు దించి ఉంచండి, సందు రెండు రోజులు ఆరాలి.